శాంక్షను శబ్దార్థవిచారము

నేఁటి తెలుఁగున మిక్కిలి వాడుకలో నున్న యన్యదేశ్యపదములలో శాంక్షను అనునది యొకటి. దీని నెఱుఁగని గృహస్థుఁడు లేఁడు. వృద్ధునకుఁ బింఛను శాంక్షనగును. వర్తకునకు బ్యాంకుఋణము శాంక్షనగును. ఉద్యోగికి సెలవు శాంక్షనగును. ఇల్లు కట్టఁబూనినవానికి దాని ప్లాను శాంక్షనగును. ఈ ప్రయోగము లన్నింటను ఈ పదమునకు ననుమతి యనియో మంజూరనియో యర్థము. ఆ పదమే బహువచనమున దేశాంతరవార్తలయందుఁ గానవచ్చినప్పుడు మన పత్రికలవారు దానిని 'ఆంక్షలు' అని తెనిఁగింతురు. ఒక రాజ్యము మఱియొక రాజ్యముతోడి వర్తకమును నిలుపుట, దాని ధనమును స్తంభింపఁజేయుట, దానికి యంత్రసామగ్రి నమ్మకుండుట యిచ్చట నర్థము. మొదటిది యిచ్చుట, రెండవది యడ్డుట. ఒక్క శబ్దము పరస్పరవిరుద్ధములగు నర్థముల నెట్లు చెప్పఁగలిగెను? ఇది యొక్క శబ్దమా, లేక వినికిడి యొక్కటియైన రెండు శబ్దములా?

ఈ విచారము నిఘంటుకారుల వినోదము మాత్రము కాదు. హైదరాబాదునకుఁ బడమటి దిక్కున, గచ్చిబౌలి చెంత, నానక్‌రామ్‌గూడ యను నొకప్పటి పల్లె కలదు. ఇప్పు డది మహాసౌధములకును, ధనవ్యాపారసంస్థలకును, విదేశరాయబారకార్యాలయమునకును నెలవు. శాంక్షను శబ్దముయొక్క యిరుప్రయోగములును ఆ యొక్క పొలిమేరలోనే గోచరించును. అచ్చటనే 2016వ సంవత్సరమున శాంక్షను లేని కట్టడ మొకటి కూలి 11 ప్రాణములను బలిగొనెను. కావున నీ పదార్థనిర్ణయమున లోకవ్యవహారమునకుఁ గావలసిన విషయ మున్నదని నా తలంపు.

ఈ వ్యాసమునఁ జెప్పఁదలఁచినది యొక్కటియే. శాంక్షనునకు ననుగ్రహము, నిగ్రహము అను రెండర్థములు లేవు. ఆ రెండును ఒక్క యర్థముయొక్క రెండు ముఖములు. తెలుఁగువారు వానిని వేర్వేఱు ద్వారములనుండి యింటిలోనికిఁ దెచ్చుకొనిరి. అందుచేత నా ముఖములు రెండును ఒకదాని నొకటి చూచుకొనక యున్నవి. దానివలన మనకు నష్టము కలదు.

వైయాకరణులు సైంధవశబ్దము నుదాహరింతురు. భోజనసమయమున సైంధవ మడిగినచో నుప్పును, ప్రయాణసమయమున నడిగినచో గుఱ్ఱమును దెత్తురు. ప్రకరణ మర్థమును నిర్ణయించును. కాని యా రెండర్థములకును మూల మొక్కటి, సింధుదేశమునఁ బుట్టుట. శాంక్షనునకును ప్రకరణమే నిర్ణాయకము. అయిన నీ రెండర్థములకును మూలమైన 'సింధువు' ఏదియో మనము వెదకవలసి యున్నది.

లాటినుభాషలో సాంకిరె యను ధాతువు కలదు. పవిత్రమునుగా నిలుపుట, మీఱరానిదానినిగాఁ జేయుట దాని యర్థము. దానినుండి పుట్టిన భావనామము సాంక్టియో. రోమకుల ధర్మశాస్త్రమున నొక చట్టముయొక్క కడపటి భాగమునకు నీ పేరు. విధి యంతయుఁ జెప్పిన తరువాత దానిని మీఱినవానికిఁ గలుగు గతి యా భాగమునఁ జెప్పఁబడుచుండెను. క్రీ. శ. 533లో జస్టీనియను చక్రవర్తి వెలువరింపించిన ధర్మశాస్త్రపాఠగ్రంథమున నగరప్రాకారములకుఁ బవిత్రములను పేరు వచ్చుటకుఁ గారణము వివరింపఁబడినది. వానికి నపచారము చేసినవానికి మరణదండనము విహితమగుటచే నవి పవిత్రములు. చట్టములలో దండమును విధించు భాగములకును అందువలననే సాంక్టియో యను పేరు వచ్చెను. దండమును గాని, చేసిన పని చెల్లదను మాటను గాని చెప్పని నిషేధచట్టమును రోమకన్యాయవేత్తలు 'అసంపూర్ణము' అని వ్యవహరించిరి. ఈ మాటను జదువరులు మనమున నుంచుకొనఁ గోరెదను. దీనితో ముందుఁ బని గలదు.

ఇట్లు మూలమున సాంక్టియో యనఁగా నిషేధమును గాదు, అనుమతియుఁ గాదు. ఒక కార్యముపై నధికారి తన ముద్రను వేసి దానిని మీఱరానిదానినిగాఁ జేయుట యది. ముద్రితమైన దానికి రక్షణము. ముద్రను మీఱినవానికి దండము. ఈ రెండును ఒక్క ముద్రయొక్క ఫలములు. ఇదియే మనము వెదకిన సింధువు.

తరువాతి కాలమున నైరోపాభాషలలో నీ ముఖములు క్రమముగా వేఱుపడెను. 1713లో ఆస్ట్రియా నేలుచుండిన చక్రవర్తి యాఱవ చార్లెసు తన రాజ్యము విభక్తము గాక పుత్త్రికాసంతతికైనను సంక్రమించునట్లు చేసిన యేర్పాటు 'ప్రాగ్మాటికు శాంక్షను' అని చరిత్రమునఁ బ్రసిద్ధము. అచ్చట శాంక్షనన రాజశాసనము. ఆంగ్లమున నీ నామము మొదట శాసనార్థమునను, పిదప దండార్థమునను, క్రియారూపమున నామోదార్థమునను వాడఁబడెను. 1789లో బెంథా మను ధర్మశాస్త్రజ్ఞుఁడు మనుష్యప్రవర్తనమును గట్టివేయు శాంక్షనులు నాలుగని చెప్పెను: ప్రకృతివలనఁ గలుగునది, రాజ్యమువలనఁ గలుగునది, లోకాభిప్రాయమువలనఁ గలుగునది, మతమువలనఁ గలుగునది. ఆయన మతమున సుఖమును దుఃఖమును గూడ శాంక్షనులే. 1832లో ఆస్టిన్ దానిని సంకోచపఱచి, ఆజ్ఞ మీఱినవానికిఁ గలుగు ననిష్టమే శాంక్షనని, బహుమానమునకు నా పేరు తగదని నిర్ణయించెను. న్యాయశాస్త్రమున నిగ్రహపక్షము స్థిరపడుట కిది ముఖ్యకారణము.

ప్రథమమహాయుద్ధానంతరమున నేర్పడిన నానాజాతిసమితియొక్క నిబంధనపత్త్రమున 16వ యధికరణము, నిబంధనలను మీఱి యుద్ధమునకుఁ దొడఁగిన రాజ్యముతోడి వర్తకధనసంబంధములను దక్కిన రాజ్యములు తెంచుకొనవలెనని విధించెను. 1935 అక్టోబరున ఇటలీ ఇథియోపియాపై దండెత్తఁగా, నవంబరు 18వ తేదినుండి యిటలీపై నీ విధి యమలునకు వచ్చెను. పెట్రోలియ మందుఁ జేర్పఁబడలేదు. ఇథియోపియా యోడిపోయినది, 1936 జూలైలో నిర్బంధములు తీసివేయఁబడినవి. శాంక్షను శబ్దము బహువచనమున రాజ్యాంతరనిర్బంధమును దెలుపుటకు లోకప్రసిద్ధమగుటలో నీ కథకు ముఖ్యమైన పాలు కలదు. 1945లో నేర్పడిన ఐక్యరాజ్యసమితి పత్త్రమందలి 41వ యధికరణ మిట్టి చర్యలనే విధించును గాని యా వాక్యములలో శాంక్ష నను పదము మాత్రము లేదు. పదము లేకున్నను బని నడచుచున్నది.

ఇఁక మన వాఙ్మయమునఁ జూతము. నిగ్రహానుగ్రహము లను జంట మనకుఁ గ్రొత్తది కాదు. రెండును గ్రహధాతువునుండి పుట్టినవే. ని యను నుపసర్గ చేరఁగాఁ బట్టి యణఁచుట యయ్యెను. అను వను నుపసర్గ చేరఁగా వెన్నంటి చేపట్టుట యయ్యెను. పట్టు చేయి యొక్కటియే. రెండింటికిని సమర్థుఁడైనవానినే ప్రభువని మనవా రనిరి. ఆంగ్లేయుల పదమునకు ఉపసర్గలు లేవు; అందువలన నొక్క రూపమే రెండు పనులను జేయవలసి వచ్చినది.

శాసధాతువును జూడుఁడు. దానికి ధాతుపాఠమున ననుశాసన మర్థము. దానినుండియే శాస్త్రము, శిష్యుఁడు, శాసనము పుట్టినవి. శిష్యుఁ డనఁగా బోధింపఁదగినవాఁడు. తెలుఁగున 'శాస్తి చేయుట' యనఁగా దండించుట. శిక్షాశబ్దము మఱింత స్పష్టము. సంస్కృతమున శిక్ష యనఁగా విద్య నేర్చుట. వేదాంగములలో నొకదానికి నదియే పేరు. తెలుఁగువాఁడు శిక్ష యనినంతనే కారాగారమును దలఁచును. శిక్షణ యన్నప్పుడు మాత్రము బడిని దలఁచును. ఒక్క ధాతువునుండి పాఠశాలయు, బందిఖానయుఁ బుట్టినవి. ఇది మన భాషయం దెవ్వరికిని వింతగాఁ దోఁపదు. శాంక్షను విషయమునను వింతపడ నక్కఱలేదు.

తామ్రశాసనములందును శిలాశాసనములందును ఈ సంబంధము కన్నులకుఁ గట్టినట్లుండును. రాజు బ్రాహ్మణునకో దేవాలయమునకో భూమి నిచ్చును, ఎల్లలు చెప్పును, పన్నులు తీసివేయును. ఇది యనుగ్రహము. అంతమున నీ దానమును హరించినవాఁ డఱువదివేలేండ్లు పురుగై పుట్టునని, గంగయొడ్డునఁ గపిలగోవును జంపిన పాపమునఁ బోవునని శాపవాక్యము లుండును. ఇది నిగ్రహము. శాపభాగము లేనిచో దానభాగమునకుఁ గావలి లేదు. పాశ్చాత్యులలోఁ బ్రాచీనపత్త్రములను బరిశోధించువారు తమ దానపత్త్రములయందలి యిట్టి కడపటి భాగమునకు సాంక్టియో యను పేరునే పెట్టినారు. రోమకుల చట్టమునకును దెలుఁగునాఁటి శిలాశాసనమునకును నిర్మాణమునం దిట్లు సామ్యము గలదు.

వర్తకవిషయమున మన శాసనములలో మిక్కిలి యెన్నఁదగినది కాకతిగణపతిదేవుని మోటుపల్లి యభయశాసనము. ఇది శకవర్షము 1166, అనఁగాఁ గ్రీ. శ. 1244–45. మోటుపల్లి నేఁటి బాపట్ల జిల్లాలోని సముద్రతీరగ్రామము. మునుపటి రాజులు గాలివానలకుఁ జెడి యొడ్డునకుఁ గొట్టుకొనివచ్చిన యోడలలోని సరకును సర్వమును హరించుచుండి రనియు, తాను నిర్ణీతమైన సుంకమును దప్ప మఱేమియుఁ గొనననియు గణపతిదేవుఁ డందుఁ బ్రకటించెను. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డియు నదే రేవున నభయశాసనమును వేయించెను. పరదేశవర్తకులకు రాజముద్రతో నభయ మిచ్చుట యనుగ్రహరూపమైన శాంక్షను. నేఁటి రాజ్యములు పరదేశవర్తకము నాఁపుటకై ముద్ర వేయుట నిగ్రహరూపమైన శాంక్షను. రేవు నొకటి తెఱచును, ఒకటి మూయును, తాళపుఁజెవి యొక్కటే.

జనుల నోటనుండు తెలుఁగుపదములలో శాంక్షనునకు మిక్కిలి దగ్గఱైనది 'ఆన'. ఇది యాజ్ఞాశబ్దభవము. రాజు ఆన యనఁగా నాజ్ఞ. దేవుని యాన యనఁగా నొట్టు. ఆనపెట్టుట యనఁగా నా పేరు చెప్పి యడ్డుట. ఆజ్ఞ, పవిత్రత, నిషేధము మూఁడును ఈ రెండక్షరముల పదమునం దిమిడియున్నవి. సాంక్టియో పదమునకుఁ బ్రతిపదము కావలెనన్న నింతకంటె యోగ్యమైనది దొరకదు. కాని యిది వ్యవహారమున నొట్టునకే మిగిలిపోయినది.

బెంథాము చెప్పిన లోకాభిప్రాయశాంక్షనునకు మన పల్లెలలోఁ బేరు 'వెలి'. వెలివడినవాని బట్ట చాకలి యుతుకఁడు, వాని గడ్డము మంగలి గీయఁడు, వానికి నిప్పు నీరు పుట్టదు. రోమకులును బహిష్కృతునకు నీటిని నిప్పును నిషేధించుచుండిరి. ఆ దండమునకుఁ బేరును నవియే. వెలి బలవంతుల చేతిలో నుండఁగా దుర్బలుల నణఁచుటకుఁ బనికివచ్చెను. 1978లోఁ గరీంనగరు జిల్లాయందలి జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములలో రైతుకూలీసంఘములు ఆ యాయుధమునే త్రిప్పి దొరలపైఁ బ్రయోగించినవి. వారి యిండ్లకుఁ జాకలిని మంగలిని నిలిపివేసినవి. రాజ్యములపై విధింపఁబడు ఆంక్షలు స్వరూపమున నీ వెలియే. ఊరిలో నొక యిల్లు. లోకమున నొక దేశము.

ఇప్పుడు శాంక్షను తెలుఁగునకు వచ్చిన ద్వారములను బరిశీలింతము. మొదటి ద్వారము కచేరి. ఆంగ్లేయపరిపాలనమున వ్రాఁతపని యంతయు నుద్యోగుల యామోదముమీఁద నడచెను. ఒక వంతెన కట్టవలెనన్నఁ బరిపాలనశాంక్షను వేఱు, సాంకేతికశాంక్షను వేఱు, ధనశాంక్షను వేఱు. పదము గుమాస్తానుండి గ్రామకరణమునకును, కరణమునుండి రైతునకును దిగెను. నిజాము రాజ్యమునఁ గచేరిభాష పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగమువఱకుఁ బారసి, పిదప ఉర్దూ. అచ్చట నీ స్థానమును మంజూరు శబ్ద మాక్రమించెను. ఇది యరబ్బీపదము, చూచుట యను నర్థముగల ధాతువునుండి పుట్టిన కర్మార్థకరూపము. మంజూరనఁగా 'చూడఁబడినది'. తెలంగాణమువారి 'నజరు', న్యాయస్థానములలోని 'నాజరు' దీని సోదరములు. ప్రభువు చూచిన నిచ్చినట్లే యని భావము. మనమును దయఁజూచుట యందుము. కటాక్ష మనఁగాఁ గడకంటిచూపు. నేఁడు విదేశప్రయాణమునకుఁ గావలసిన వీసా లాటినుపదము. దానికిని 'చూడఁబడినది' యనియే యర్థము. అరబ్బు, రోమకుఁడు, ఆంధ్రుఁడు మువ్వురును ననుమతిని జూపుగానే భావించిరి. నానక్‌రామ్‌గూడలో వీసా కొఱకు వేచియుండువాఁడును, ఇంటిప్లాను మంజూరు కొఱకు వేచియుండువాఁడును ఒక్క యర్థమునకే వేచియున్నారు.

రెండవ ద్వారము వార్తాపత్రిక. అచ్చట నిగ్రహార్థమునకు శాంక్షనని వ్రాయక 'ఆంక్ష' యని వ్రాసిరి. ఈ యాంక్షాశబ్దము సంస్కృతమువలెఁ గానవచ్చును గాని పాణినీయధాతుపాఠమున నాంక్షధాతువు లేదు. కాంక్షధాతువు కలదు, దాని కర్థము కోరుట. కాంక్ష, ఆకాంక్ష రెండును గోరికలే. నిషేధముతో వాని కేమియు సంబంధము లేదు. తెలుఁగున నాఁగుటనుండి పుట్టిన 'ఆఁక' యను పదమునకు నడ్డు, నిర్బంధము అని యర్థము. ఆంక్షకు నీ యాఁకయే మూలమై, క్షకారము సంస్కృతచ్ఛాయకై చేరినదని నాకుఁ దోఁచుచున్నది. శాంక్షనునకును ఆంక్షకును గల ధ్వనిసామ్యము యాదృచ్ఛికము. శకారము జాఱి యాంక్ష యేర్పడిన దనుట సరికాదు. కాని యా సామ్యమే పత్రికాలేఖకుల చెవికి నింపై యాంక్షకు నూతనప్రాణము పోసియుండును.

ఇట్లు ద్వారములు వేఱగుటచే వ్యాకరణమును వేఱయ్యెను. అనుమత్యర్థమునఁ బద మేకవచనము, నిషేధార్థమున బహువచనము. అనుమతిలో లాభము పొందువానికిఁ గువిభక్తి: 'నాకు శాంక్షనైనది'. నిషేధములోఁ బైవిభక్తి: 'ఆ దేశముపై నాంక్షలు'. క్రియలును భిన్నములు. శాంక్షను 'వచ్చును', 'అగును'. ఆంక్షలు 'విధింపఁబడును', 'ఎత్తివేయఁబడును', 'సడలింపఁబడును'. ఎత్తుట బరువునకుఁ జెల్లును. సడలించుట కట్టునకుఁ జెల్లును. అనఁగాఁ దెలుఁగువాఁ డాంక్షను నెత్తిమీఁది బరువుగను, కాలికి వేసిన కట్టుగను భావించుచున్నాఁడు. మఱియొక విశేషము గలదు. 'శాంక్షనైనది' యను వాక్యమునఁ జేసినవాఁడు కానరాఁడు. 'ఆంక్షలు విధించిరి' యనఁగానే యెవరను ప్రశ్న పుట్టును. 'శాంక్షనైనది' యనఁగా నట్టి ప్రశ్న పుట్టదు. వాన పడినట్లు, పండు పండినట్లు శాంక్షను తనంతఁ దా నగును. ఈ కర్తృలోపము చిన్నదిగాఁ గానవచ్చును గాని చిన్నది కాదు.

నిగ్రహము తెలుఁగునేలను దాఁకిన సందర్భము 1998లో సంభవించెను. ఆ సంవత్సరము మే 11, 13 తేదులలో భారతదేశము పోఖ్రానునఁ బరమాణుపరీక్షలు జరపఁగా నమెరికాప్రభుత్వము తన చట్టము ననుసరించి యాంక్షలను విధించెను. నవంబరున భారతీయసంస్థల పట్టిక యొకటి ప్రకటించి, వానికి యంత్రసామగ్రి యెగుమతిని నిర్బంధించెను. హైదరాబాదులోని రక్షణపరిశోధనాభివృద్ధిప్రయోగశాల, భారత్ డైనమిక్సు సంస్థలును, శ్రీహరికోటలోని రాకెట్ ప్రయోగకేంద్రమును ఆ పట్టికలోనివే. అదే నవంబరు 22వ తేదిని హైదరాబాదు మాదాపురమున హైటెక్ సిటీలోని సైబర్ టవర్సును నాఁటి ప్రధానమంత్రి వాజపేయి ప్రారంభించెను. ఆ సౌధమునుండి విస్తరించిన వ్యాపారము ముఖ్యముగా నమెరికావారితోడిది. ఒక్క నగరమునకు, ఒక్క మాసమున, ఒక చేత నాఁకయు, ఒక చేతఁ బిలుపును వచ్చినవి. పరీక్షల నిమిత్తమైన యాంక్షలు 2001 సెప్టెంబరున రద్దయ్యెను. పైఁ జెప్పిన మూఁడు సంస్థలు పట్టికనుండి 2011 జనవరిలోఁ దొలఁగింపఁబడెను. 2008లో బేగంపేటయందలి పైగా మహలులో నెలకొన్న యమెరికా కాన్సలుకార్యాలయము 2023 మార్చి 20న నానక్‌రామ్‌గూడలోని క్రొత్త భవనమునకు మాఱెను. ఆంక్షలు పెట్టఁగల ప్రభుత్వమే వీసా నిచ్చుచున్నది. ఇచ్చుటకు శక్తిలేనివాని యాంక్షను లెక్కించువాఁడు లేఁడు. ఆఁపుటకు శక్తిలేనివాని యనుమతిని గోరువాఁడును లేఁడు.

ఆ చేరువనే భారతదేశపు బీమా నియంత్రణాభివృద్ధి ప్రాధికారసంస్థయొక్క ప్రధానకార్యాలయము గలదు. 1999నాఁటి చట్టముచే నేర్పడిన యీ సంస్థ బీమాకంపెనీలకుఁ బ్రవేశానుమతి నిచ్చును. నియమములను మీఱినవానికి జరిమానా వేయును. దాని పేరున నియంత్రణము నిగ్రహము, అభివృద్ధి యనుగ్రహము. ఆ పేరు పెట్టినవా రెఱిఁగియో యెఱుఁగకయో శాంక్షను శబ్దమునకు సమగ్రమైన వ్యాఖ్యానమును వ్రాసిరి.

ఇఁక నష్టమును జెప్పవలెను. శేరిలింగంపల్లి పురపాలకసంఘ పరిధిలో నుండిన నానక్‌రామ్‌గూడ 2007లో మహానగరపాలకసంస్థలోఁ జేరినది. 2016 డిసెంబరు 8వ తేది రాత్రి యచ్చట నిర్మాణములో నున్న యేడంతస్తుల భవనము కూలెను. అందే నివసించుచుఁ బని చేయుచున్న కూలివారు కుటుంబములతో శిథిలములక్రిందఁ జిక్కిరి. 11 మంది మరణించిరి. ఆ కట్టడమునకు నగరపాలకసంస్థ యనుమతి లేదని పురపాలకశాఖామంత్రియే ప్రకటించెను. సంస్థయందలి యధికారులు పనినుండి నిలిపివేయఁబడిరి. ఏడంతస్తులు రాత్రికి రాత్రి లేవవు. అనుమతి లేని యా కట్టడము పట్టపగలు, వీధిలో, అందఱి కన్నులయెదుట నంతస్తుపై నంతస్తుగాఁ బెరిగినది. మంజూరనఁగా జూడఁబడినదని చెప్పితిని. అది యందఱిచేతను జూడఁబడినది. చూడవలసినవానిచే మాత్రము చూడఁబడలేదు.

చట్టమున దండము లేక కాదు. అనుమతి లేని కట్టడమును నిలిపివేయుటకును గూల్చుటకును నగరపాలకసంస్థకు నధికార మున్నది. కాని దండము పత్త్రమున నుండి పనిలో లేకున్నచోఁ దత్ఫలమున నది రోమకులు చెప్పిన యసంపూర్ణచట్టమే. శాంక్షనన నొక లాభము, ఒక కాగితము, నేఁడు రాకున్న రేపు తెచ్చుకొనఁదగినది యను భావము జనులలో వేరూనినది. పొరపాటు వారిదే యనఁజాలము. ప్రభుత్వములే యనధికారనిర్మాణములను రుసుము గొని క్రమబద్ధము చేయు పథకములను బలుమాఱు ప్రకటించినవి. 2015లో నట్టి దొకటి వెలువడినది. పదమునుండి నిగ్రహము తొలఁగి యనుగ్రహమే మిగిలినప్పుడు, అనుమతి లేకుండుట లోపముగా మాత్రమే తోఁచును, ఉల్లంఘనముగాఁ దోఁపదు. ఆ రాత్రి మరణించినవా రనుమతి కొఱకు దరఖాస్తు చేయవలసినవారు కారు. చేయనివానివలన లాభము పొందినవారును గారు. శాంక్షనులోని దండభాగ మెవరి రక్షణకై యేర్పడినదో వారే వారు. నగరప్రాకారమును బవిత్ర మనుట గోడకు గౌరవ మిచ్చుటకుఁ గాదు. దాని నీడ నున్నవారి ప్రాణములకై.

2020లోఁ దెలంగాణశాసనసభ భవనానుమతులకై క్రొత్త చట్టమును జేసినది. 75 చదరపుగజములలోపు స్థలమున నొక యంతస్తువఱకుఁ గట్టుకొను చిన్న యింటికి ననుమతియే యక్కఱలేదనియు, 500 చదరపుమీటర్లలోపు స్థలమునఁ బదిమీటర్ల యెత్తువఱకు యజమాని స్వయముగా నిచ్చు ధ్రువీకరణముపై వెంటనే యనుమతి లభించుననియు నది విధించెను. ఆ ధ్రువీకరణము తప్పైనచో ముందు తాకీదు లేకయే కట్టడమును గూల్పవచ్చుననియు నందే చెప్పెను. ఇందు ననుగ్రహము సులభమయ్యెను; నిగ్రహము తీవ్రమయ్యెను. రెండును ఒక్క పత్త్రమునఁ బ్రక్కప్రక్కన నిలిచినవి. నిర్మాణమున నిది శిలాశాసనపు రీతియే. అమలునందు రెండవ భాగము మొదటిదానితో సమముగా నడచినదా లేదా యనుటయే యిట్టి చట్టములకు నిజమైన పరీక్ష.

అనువాదకులు తడఁబడు చోటు మఱియొకటి గలదు. ప్రభుత్వోద్యోగిపై నభియోగము నడపుటకు ముందు ప్రభుత్వశాంక్షను కావలెనని 1973నాఁటి నేరవిచారణస్మృతిలోని 197వ సెక్షను విధించెను. 2024 జూలై 1నుండి యమలులోనున్న భారతీయనాగరికసురక్షాసంహితలో 218వ సెక్షను దాని స్థానమున నున్నది. అవినీతినిరోధచట్టము (1988) 19వ సెక్షనును నిట్టిదే. ఇచ్చట శాంక్షనునకు ననుమతి యనియే యర్థము. కాని యనుమతింపఁబడునది దండనకుఁ దెఱవు. అనుగ్రహ మెవరికి, నిగ్రహ మెవరిపై నని యడుగక తెనిఁగించినవాఁడు వాక్యమును దలక్రిందు చేయును. అనుమతి విచారించువానికి, దండము విచారింపఁబడువానిపై.

కావున పాఠశాలలందును, పత్రికలందును అనుసరింపఁదగిన మార్గ మిది. ధనము, ఉద్యోగస్థానము, పింఛను విషయమున మంజూరను పదము చాలును, అది మనదైపోయినది. కట్టడము, యాత్ర, వ్యాపారము మొదలగు పనుల విషయమున ననుమతి యనవలెను. రాజ్యము రాజ్యమును నిర్బంధించునప్పు డాంక్షలనుటకు బాధ లేదు. వెలి యనిన నర్థ మింకను దెలియును. ధర్మశాస్త్రమున విధికిఁ గావలిగా నుండు దండమును జెప్పవలసినచో శాసనబంధ మనవచ్చును. వీనిలో దేని వాడినను ఎవరు, ఎవరికి, ఎవరిపై నను మూఁడు ప్రశ్నలకు వాక్యమున సమాధాన ముండవలెను. 'శాంక్షనైనది' యని వ్రాయు విద్యార్థిచేఁ గర్త నడిగి చెప్పింపవలెను. కర్త లేని వాక్యము వ్యాకరణమునఁ జెల్లును, పరిపాలనమునఁ జెల్లదు.

పద మెచ్చటిదైనను మన నోటికి వచ్చిన పిమ్మట మనదే. లాటినుభూమిలోఁ బుట్టి, కచేరిమెట్లు దిగి, పల్లెలోని వృద్ధురాలి పింఛనువఱకు వచ్చిన యీ శాంక్షనును వెడలఁగొట్టుట సాధ్యమును గాదు, అవసరమును గాదు. దాని రెండవ ముఖమును దానికి మరల నిచ్చినఁ జాలును. విజ్ఞులు విచారింతురుగాక.